గుర్రం, డాలు, ఈటె

రిటైరైన రోజు నాకు శాలువా కప్పి, ఒక గోడగడియారం చేతిలో పెట్టి, ముప్పై మూడేళ్లు చరిత్ర చెప్పిన మేడం అని మైకులో పొగిడారు. గడియారం మూడో నెలకే ఆగిపోయింది. శాలువా బీరువాలో ఉంది. కొత్తగా లెక్చరర్లయిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "మీ అనుభవాలు చెప్పండి మేడం" అని అడుగుతారు. అనుభవం అంటే గెలిచిన కథే అనుకుంటారో ఏమో, పెన్ను తీసి కూర్చుంటారు పాపం. నా దగ్గర గెలిచిన కథలు పెద్దగా లేవు. ఒక పాఠం తప్పు చెప్పాను, ఒక చోట నోరు మూసుకున్నాను. అదే చెబుతాను, మోకాళ్ల నొప్పితో ఎక్కువసేపు కూర్చోలేను కాబట్టి తొందరగా చెబుతాను.

అప్పటికి నంద్యాల ఇంకా జిల్లా కాలేదు. మా కాలేజీకి ఒక పక్క బియ్యం మిల్లు, ఇంకో పక్క ఆటోల స్టాండు. మధ్యాహ్నం రెండు గంటల క్లాసులో మిల్లు చప్పుడుతో పోటీపడి అరవాలి. అరిచే ఓపిక లేనివాళ్లం నోట్సు చెప్పేవాళ్లం. నా దగ్గర ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. ఉద్యోగంలో చేరిన ఏడాది రాసుకున్నది. ప్రతి ఏడూ అదే చదవడం, పిల్లలు అదే రాసుకోవడం, పరీక్షలో అదే దించడం. ఎవరికీ ఇబ్బంది లేదు. పేజీలు పసుపు పచ్చగా మారి అంచులు రాలుతున్నా కొత్తది రాయాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. బద్ధకమే, ఇంకేం కాదు.

ఆ పుస్తకంలో పశ్చిమాఫ్రికా రాజ్యాల మీద రెండున్నర పేజీలు ఉండేవి. చాలామంది దాన్ని చాయిస్‌లో వదిలేయమంటారు. నాకెందుకో ఆ పాఠం ఇష్టం, అందుకే వదలలేదు.

ఆ పాఠం మీకు రెండు ముక్కల్లో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నైజర్ నది వెంట మాలి, దాని తర్వాత సొంగాయ్ అని పెద్ద రాజ్యాలు లేచాయి. బంగారం, ఉప్పు వ్యాపారం సంగతి అందరూ చెబుతారు. కానీ అంత రాజ్యాన్ని చేతిలో పెట్టుకోవడం రాజుకు మాటలు కాదు. శత్రువు బయటివాడైతే కనబడతాడు. సొంత అన్నదమ్ములు, పినతండ్రులు, మాది పెద్ద వంశమని మీసం తిప్పే పెద్దలు, వీళ్లతోనే చావు. ఈ రోజు తమ మనుషులతో యుద్ధానికి వస్తారు, రేపు అలిగి వెళ్లిపోతారు. అందుకని రాజు యుద్ధాల్లో పట్టుకొచ్చినవాళ్లను, బానిసలుగా పుట్టినవాళ్లను ఏరి, గుర్రాలిచ్చి, ఆయుధాలిచ్చి తన చుట్టూ పెట్టుకున్నాడు. వంశం లేనివాడు సింహాసనం అడగడని నమ్మకం. అదీ అన్నిసార్లూ నిలవలేదు, మాలిలో బానిసగా ఉన్న ఒక సేనాని ఏకంగా గద్దె ఎక్కి కూర్చున్నాడు. మొత్తానికి కోట కాపలా, పన్నుల వసూలు, ఒక్కోచోట ఊళ్ల పాలన కూడా వాళ్ల చేతికొచ్చింది. జనం వాళ్లను చూస్తే వణికేవారు. అయినా వాళ్లు బానిసలే. అలాంటి సైనికుడు చనిపోతే అతని గుర్రం, డాలు, ఈటెలు తిరిగి రాజుకే చేరేవని పాత రాతల్లో ఉంది.

ఇదంతా చెప్పి చివర ఒక వాక్యం రాయించేదాన్ని: "వీరికి కుటుంబము లేదు కనుక వీరు రాజునకు అత్యంత విశ్వాసపాత్రులు." ఈ వాక్యం ఎక్కణ్నుంచి ఎత్తి రాసుకున్నానో ఇప్పటికీ గుర్తు రాదు.

ఇక ఆ పిల్లవాడి సంగతి.

వాణ్ని బి.ఏ.లో చేర్చడానికి వాళ్ల నాయన వచ్చాడు. ఆళ్లగడ్డ దగ్గర పల్లె వాళ్లది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడ మీద పాత గాటు. ఆయన గదిలోకి అడుగు పెట్టగానే మా ప్రిన్సిపాల్ లేచి నిలబడ్డాడు. ఎమ్మార్వో వచ్చినా సగమే లేచే మనిషి! తర్వాత తెలిసింది, ఆళ్లగడ్డ వైపు ఒక పెద్దాయనకు ఈయన ఇంటి మనిషి. పదేళ్ల వయసులో ఆ ఇంట్లో గొడ్ల దగ్గర చేరి, అక్కడే తిని, అక్కడే పెరిగి, పెద్దాయన కారులో ముందు సీటు దాకా వచ్చాడు. పెండ్లి కూడా పెద్దాయనే చేశాడు. పెద్దాయన మీదికి ఎవరు రావాలన్నా ముందు ఈయన్ను దాటాలి. ఇంటి మనిషి అంటే మా వైపు అంతే.

అడ్మిషన్ ఫారం నా ముందుకొచ్చింది. ఏ గ్రూపు, హిస్టరీనా అని అడిగాను.

"ఒక్క నిమిషం మేడం" అని ఆయన వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాడు. కిటికీలోంచి మాటలు వినబడ్డాయి. "అన్నా, హిస్టరీ అంటాండారన్నా... ఆ... సరేన్నా, మీరెట్లంటే అట్లే."

లోపలికొచ్చి సంతకం పెట్టాడు. "ఏదో ఒగటి సదువుకోనీ, రేపు మనకే పనికొస్తాడు అన్న్యాడు మేడం మా అన్న" అని చాలా సంతోషంగా చెప్పాడు. ప్రిన్సిపాల్‌ను నిలబెట్టిన మనిషి కన్న కొడుకు చదువుకు ఇంకొకరిని అడగాల్సి వచ్చింది. కొడుకు మాత్రం నేల చూస్తూ నిలబడ్డాడు. వాడి ముఖం ఆ రోజే నాకు గుర్తుండిపోయింది.

వాడు మంచి విద్యార్థి. మొదటి బెంచీ రకం కాదు, మూడో బెంచీలో కూర్చుని అందరికంటే ఎక్కువ రాసుకునేవాడు. రెండేళ్లు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మూడో ఏడు ఈ పాఠం దగ్గర లేచాడు. ఆ వేళ కరెంటు లేదు, ఫ్యాను లేదు, పొద్దుట్నుంచి నాలుగు క్లాసులు చెప్పి నా గొంతు పోయింది.

"మేడం, వాళ్లకు కుటుంబం లేదని రాయమంటిరి. అంతమందిలో ఒక్కనికి గూడా పెండ్లాం బిడ్లు ల్యాకుండ్రా?"

"నోట్సులో ఏముందో అది రాయప్పా."

"ఉంటే, ఆ బిడ్లు ఎవరివాళ్లు మేడం? నాయనవాళ్లా, రాజువాళ్లా?"

"అది పరీక్షకు రాదు, కూర్చో."

వాడు కూర్చోలేదు. "ఇంకొగటి మేడం. ఎవడన్నా గుర్రం దిగి, నాకొద్దు ఈ పని అని ఎల్లిపొయినోడు ఉండాడా?"

నాకు విసుగొచ్చింది. విసుగులో మనకు తెలివి ఎక్కువవుతుంది కదా! "గుర్రం దిగి యాడికి పోతాడప్పా? పోయేదానికి చోటుంటే రాజు వాన్నే ఎందుకు పట్టుకుంటాడు?" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. వరండాలో పోతున్న మా పొలిటికల్ సైన్స్ సారు కిటికీ దగ్గర ఆగి "భలే చెప్పినారు మేడం" అన్నాడు. వాడు మాత్రం కూర్చుని నేనన్న ముక్క నోట్సులో రాసుకున్నాడు. అది నోట్సు కాదురా, ఎగతాళి అని చెప్పాలని కూడా నాకు తట్టలేదు.

నాలుగు నెలలకు వాళ్ల నాయన పోయాడు. ఇన్నేళ్లు కత్తులకు కాచుకున్న మనిషి, ఏదో పెండ్లికి పోతుండగా అదే ముందు సీట్లో గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. నంద్యాల ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు. ఆరో రోజు ఆ పిల్లవాడు మాసిన గడ్డంతో కాలేజీకొచ్చి స్టాఫ్‌రూం బయట నిలబడ్డాడు. ఓదార్చాలని ఏదో అనబోయాను.

"మీరు చెప్పింది నిజమే మేడం" అన్నాడు.

"ఏందప్పా నేను చెప్పింది?"

"మూడోనాడే పెద్దాయన మనుసులొచ్చిరి. బండి తీస్కపోయిరి, ఫోను తీస్కపోయిరి. సొక్కా కింద నడుం కాడ దోపుకునేది ఉండాది చూడండి, అది నాయన కారులో పడిపోయినపుడే తీసుకున్యారంట. గుర్రం, డాలు, ఈటె." అని వాడు నవ్వాడు.

వాడు ఎందుకొచ్చాడో అప్పుడు చెప్పాడు. మా వైపు దినాల రోజున, అంటే పెద్దకర్మ నాడు, చనిపోయినవాడి కొడుకుకు బంధువులు కొత్త బట్టలు పెడతారు. ముందు మేనమామలు, తర్వాత మిగతావాళ్లు. ఆ వరసలో పెద్దాయన ఇంటినుంచి తెల్లబట్టలు వస్తాయట. కొడుకు అవి కట్టుకుని పెద్దాయన కాళ్లకు మొక్కితే, ఆ రోజు సాయంత్రం నుంచి నాయన సీటు వాడిదే. కాగితం లేదు, ప్రమాణం లేదు. ఇష్టమా అని అడిగేవాళ్లూ లేరు, వద్దన్నవాళ్లూ లేరు.

"బట్టలు సేతిలో పన్న్యాక ఇంగ మాట లేదు మేడం. అంతకుముందే ఎవరన్నా పెద్దోళ్లు చెప్పాల. మా మామలు నోరెత్తరు. మీరొచ్చి, పరీచ్చలుండాయి, పిల్లోన్ని ఎమ్మే సదివిస్తాము, ఇడ్సిపెట్టండి అని ఒక్క మాట చెప్పండి మేడం. పెద్దాయనకు సదువుకున్నోళ్లంటే శానా మర్యాద."

"వస్తాను" అన్నాను.

"కచ్చితంగా వస్తారా మేడం?"

"వస్తానంటి గదప్పా!"

పొలిటికల్ సైన్స్ సారుకు సంగతి చెప్పాను. ఆయనది ఆళ్లగడ్డే. మంచి మనిషి, రోజుకు పది టీలు తాగుతాడు, ఎవరితోనూ తగాదా పడడు. "పోదాం మేడం, నేనూ వస్తా. పోయి కూడు తిని వచ్చేద్దాం. ఆడ నోరు మాత్రం తెరవొద్దండి. వాళ్లూ వాళ్లూ ఒకటి, మనకేల?" అన్నాడు. రాజ్యాంగంలో వ్యక్తి స్వేచ్ఛ గురించి గంటసేపు నోట్సు లేకుండా చెప్పగలిగిన మనిషి ఆయన. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడైతే రాదు, ఆయన కనీసం ముందే చెప్పాడు.

దినాల రోజు పొద్దున్నే నంద్యాలలో బస్సెక్కాము. దారంతా నా మాటలు లోలోపల అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. "అయ్యా, పిల్లవాడు తెలివైనవాడు. రెండు నెలల్లో పరీక్షలు. ఎమ్మే సీటు, హాస్టలు నేను చూసుకుంటాను. వీణ్ని చదువుకు ఇడ్సిపెట్టండి." నాలుగే వాక్యాలు. ఆళ్లగడ్డలో దిగి, శిల్పుల షెడ్ల ముందునుంచి ఆటోలో పోతుంటే ఉలి చప్పుళ్ల మధ్య కూడా అవే అనుకున్నాను. నేర్చుకున్న పాఠం మరిచిపోయే అలవాటు నాకు లేదు.

ఇంటి ముందు షామియానా వేశారు. వాళ్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖంలో కాస్త ప్రాణం వచ్చింది. కొడుకు చెప్పి ఉంటాడు. పిల్లవాడు గుండు చేయించుకుని, తడి పంచెతో నిలబడి ఉన్నాడు. మేనమామలు బట్టలు పెట్టారు. అంతలో కార్లు వచ్చాయి, అందరూ లేచారు. నేనూ లేచాను.

పెద్దాయన నేను ఊహించిన మనిషి కాదు. సన్నగా, నెమ్మదిగా, బడిపంతులులాగ ఉన్నాడు. నన్ను ఎవరో పరిచయం చేస్తే రెండు చేతులూ జోడించాడు. తన పక్కన కుర్చీ వేయించాడు. "ఎండన పడి వస్తిరి, మేడమ్మకు మజ్జిగ తెండిరా" అని కేకేశాడు. మజ్జిగ వచ్చింది. తాగాను. పళ్లెంలో తెల్లబట్టలూ వచ్చాయి. ఆయన పళ్లెం మీద చెయ్యి పెట్టి, ఎత్తబోయి, ఆగి నావైపు తిరిగాడు.

"ఏం మేడమ్మా, మా పిల్లోడు ఎట్ల సదువుతాండాడు?"

"బాగా చదువుతాడప్పా."

"మరి మీరేమంటారు? సదువా, మా ఇంట్లో వాళ్ల నాయన జాగానా? మీరు సదువుకున్నోళ్లు, చెప్పండి."

తలుపు ఆయనే తెరిచాడు చూడండి! నేను తోయాల్సిన పని కూడా లేదు. లోపలికి అడుగేస్తే చాలు. ఆయన నిజంగానే అడిగాడో, నలుగురి ముందు మర్యాదకు అడిగాడో నాకు తెలియదు. చెప్పి ఉంటే వినేవాడేమో. ఆ "ఏమో" నన్ను పదేళ్లు తిన్నది.

నేను నోరు తెరిచాను. నాలుగు వాక్యాలూ నాలుక మీదే ఉన్నాయి. బయటికి వచ్చింది ఇది: "మీ పిల్లోడే గదప్పా. మీకు తెలియందేముంది? మీరెట్ల జేసినా వాని మంచికే."

చిన్నప్పటినుంచి పెద్దలముందు అలవాటైన మాట అది. పిల్లల్ని తీసుకుని ఎవరింటికి పోయినా "మీ పిల్లోడే" అంటాం. కానీ ఏదో మర్యాదకు అన్న మాటను వాళ్లు తప్పుగా అర్థం చేసుకున్నారని నేను తప్పించుకోను. ఎవరూ తప్పుగా అర్థం చేసుకోలేదు. నేను భయపడ్డాను, వాణ్ని ఇచ్చేశాను, అందరికీ అదే అర్థమైంది. బెదిరిస్తేనే భయం వేస్తుందనుకునేదాన్ని. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చినా వేస్తుంది.

"ఇంకేం, మేడమ్మే చెప్పె గదరా!" అని పెద్దాయన నవ్వి బట్టలు వాడి చేతిలో పెట్టాడు. వాడు ఒక్కసారి నావైపు చూశాడు. తర్వాత వంగి ఆయన కాళ్లకు మొక్కాడు. పక్కనే ఉన్నాను కాబట్టి, పెద్దదాన్ని కాబట్టి, నా కాళ్లకు కూడా మొక్కాడు. వద్దని కాళ్లు వెనక్కు లాక్కోవడానికి కూడా నాకు కదలిక రాలేదు.

వచ్చేటప్పుడు వాళ్లమ్మ దగ్గరికి పోయాను. ఏదో అనాలి కదా. ఆమె తలెత్తి చూసింది. "ఇంత దూరం వస్తిరి గదమ్మా" అంది, "ఆ నాలుగు మాటలు ఇంటికాడ పెట్టి వస్తిరా?"

బస్సులో పొలిటికల్ సైన్స్ సారు "మంచి పని చేసినారు మేడం, అదే సేఫ్" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. అప్పుడు గుర్తొచ్చింది, సిగ్గు లేకుండా అప్పుడే గుర్తొచ్చింది, మా నాయన కథ.

మా తాత కొత్తపల్లె వైపు ఒక భూస్వామి ఇంట్లో జీతగాడు. తాత జీతగాడైతే నాయనా జీతగాడే, అది అడిగే పనే లేదు. నాయనకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆ ఇంటి బర్రెలు కాసేవాడు. మా అవ్వ ఒకరోజు నాయన్ను వెంటబెట్టుకుని నడిచి, నంద్యాలలో క్రైస్తవ బడి హాస్టల్లో వదిలేసింది. వారం తిరక్కుండా ఆ భూస్వామి బండి కట్టుకుని స్వయంగా వచ్చాడు. హాస్టల్లో పిల్లలకు వండిపెట్టే ఒక విధవ గేటు దగ్గరకు పోయింది. "మా ఇంటి పిల్లోడు ఈడుండాడంట, పంపమ్మా" అన్నాడట ఆయన. ఆమె "పంపను" అందట. ఒకటే మాట. ఆమెకు చదువు లేదు, నిలబడేందుకు ఆ గేటు తప్ప ఏమీ లేదు. ఆయన కాసేపు నిలబడి చూసి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. మా నాయన టీచరయ్యాడు, నేను లెక్చరరునయ్యాను. ఈ కథ ప్రతి క్రిస్మస్‌కూ మా నాయన చెబుతుంటే వినీ వినీ విసుగొచ్చి ఆవలించేవాళ్లం. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, గుర్రం దిగినవాడు ఉన్నాడా అని పిల్లవాడు అడిగితే, యాడికి పోతాడప్పా అని నవ్వాను. దిగినవాడి కూతురు క్లాసులో నిలబడి చెప్పిన జవాబు అది!

ఆ పిల్లవాడు పరీక్షలు రాయలేదు. హాల్‌టికెట్ ఆఫీసులోనే ఉండిపోయింది. నేను చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు లైబ్రరీలో కూర్చుని ఆ పాఠం మళ్లీ చదివాను. ఆ సైనికులకు కుటుంబాలున్నాయి. భార్యలు, పిల్లలు, ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి. పిల్లలు కూడా రాజువాళ్లే. సైనికుడి విశ్వాసానికి సగం కారణం అదే, వాడి ఇల్లంతా రాజు గుప్పిట్లో ఉంది. ఆ పిల్లవాడు నన్ను అడిగింది సరిగ్గా అదే. పారిపోయినవాళ్లు, ఎదురు తిరిగినవాళ్లు కూడా ఉన్నారు, కాకపోతే వాళ్ల మీద ఎవరూ రెండు వాక్యాలు ఖర్చు పెట్టలేదు. ఎర్ర అట్ట పుస్తకంలో ఆ చివరి వాక్యం కొట్టేశాను. అన్నేళ్లలో ఎంతమంది పిల్లల చేత రాయించానో ఆ తప్పు. వాళ్ల నోట్సుల్లో ఎవరు కొట్టేస్తారు?

తర్వాత వాణ్ని రెండుసార్లు చూశాను. ఒకసారి నంద్యాలలో ఒక కల్యాణమండపం ముందు. తెల్లబట్టల్లో నిలబడి కారు తలుపు తీస్తున్నాడు. ఒళ్లు చేశాడు. నన్ను చూసి అందరిముందూ చేతులు జోడించి "బాగుండారా మేడం?" అన్నాడు. అంతే, జనం గబగబా పక్కకు జరిగి నాకు దారి ఇచ్చారు. అంత మర్యాద నాకు ప్రిన్సిపాల్ కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

ఈమధ్యనే ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే వాడు. గళ్ల చొక్కా వేసుకుని, చేతిలో ఒక సంచితో, ఆర్టీసీ బస్సు దిగి నడిచి వచ్చినట్టు చెమటలు కక్కుతున్నాడు. తెల్లబట్టలు లేకుండా చూసేసరికి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు.

"అన్నీ ఇచ్చేసి వస్తాండా మేడం" అన్నాడు.

"ఏం ఇచ్చేసినావు?"

"గుర్రం, డాలు, ఈటె."

వాడికి మూడు వారాల కిందట కొడుకు పుట్టాడట. భార్య పుట్టింట్లో ఉంది. పెద్దాయన ఇప్పుడు మంచాన పడ్డాడు, పెత్తనమంతా ఆయన కొడుకుదే. ఆ చిన్నాయన కబురు పెట్టాడట: బిడ్డను తొట్టెలో వేసే రోజు మా ఇంటినుంచి బట్టలు వస్తాయి, మా నాయన పేరు పెట్టు అని.

"ఈంత బిడ్డ మేడం. ఇంగా కండ్లు గూడా సరిగ్గా తెర్సలేదు. వానికి గూడా తెల్లబట్టలేనంట." వాడు గేటు పట్టుకుని నేల చూశాడు, అడ్మిషన్ రోజు చూసినట్టే. "బిడ్లు ఎవరివాళ్లు మేడం అని ఆపొద్దు మిమ్మల్ని అడిగితి. పరీచ్చకు రాదంటిరి."

"యాడికి పోతావప్పా ఇప్పుడు" అని నాలుక చివరిదాకా వచ్చింది. దేవుడి దయవల్ల ఆ మాట మింగేశాను. "లోపలికి రా" అన్నాను. "కాళ్లు కడుక్కో. జొన్నరొట్టె, పప్పు ఉండాయి."

వాడికి వడ్డించి మంచినీళ్లు తెచ్చేలోపే తెల్లకారు వచ్చి గేటు ముందు ఆగింది. బస్టాండులో ఎవరో చూసి ఫోన్ చేసినట్టున్నారు. తెల్లచొక్కా కుర్రాడొకడు దిగాడు. మా పిల్లవాడి స్థానంలో ఇప్పుడు వాడే ముందు సీట్లో కూర్చుంటున్నాడేమో. చెప్పులు వేసుకునే తీరిక కూడా లేక వట్టి కాళ్లతో గేటు దగ్గరకు పోయాను. రాయి కాలుతోంది.

"నమస్తే మేడం. మావాడు ఈడికొచ్చినాడంట?"

"వచ్చినాడు."

"రొంత పంపండి మేడం. చిన్నాయన మాట్లాడాలంటాండాడు."

"పంపను."

వాడు తాను సరిగ్గా వినలేదేమో అన్నట్టు చూశాడు. "మేడం, మీకెందుకిది? మావాడు గదా, మేం మేం మాట్లాడుకుంటాం."

"మీవాడు కాదప్పా. పంపను, పో."

వాడు పక్కకు పోయి ఫోన్‌లో మాట్లాడాడు. ఏదో విని నవ్వాడు. తిరిగొచ్చి "సరే మేడం. ఎన్నినాళ్లు పెట్టుకుంటారో పెట్టుకోండి, చూస్తాం" అని కారెక్కాడు. కారు వెళ్లిపోయింది. చూస్తామన్నారు కాబట్టి చూస్తారు. ఆ పిల్లవాడు, భార్యాబిడ్డలతో ఇప్పుడు ఎక్కడున్నాడో అందుకే ఇక్కడ చెప్పడం లేదు. పదేళ్ల కిందట అనాల్సిన మాట ఇప్పుడు అన్నందుకు నాకు ఎవరూ శాలువా కప్పక్కర్లేదు. ఆ పదేళ్లు వాడివి, నావి కావు.

కారు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకునే నిలబడ్డాను. లోపలికి వస్తే వాడు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. తుంచిన రొట్టె ముక్క చేతిలోనే ఉంది.

"ఎవరు మేడం?"

"ఎవురో దోవ తప్పి వచ్చినారు" అన్నాను. "రొట్టె సల్లారిపోతాంది, తిను."